నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఇంగ్లిష్ ఉపాధ్యాయుల వృత్తి అర్హతలు

బీఈడీ చేసి, ఉద్యోగంలో చేరి, కొన్నేళ్లు పాఠం చెప్పాక ఇంగ్లిష్ ఉపాధ్యాయులు తమ బోధనకు పదును పెట్టుకోవడానికి చేసే సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులే ఈ అర్హతలు. దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతమైన ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల్లో ఇవి రెండు రకాలు: తరగతి గదిలో పనికొచ్చేవి, సర్వీసు రిజిస్టరులో పనికొచ్చేవి. రెండూ ఒకటైన సందర్భాలు తక్కువ.

2016 అక్టోబరు 11న, ఆ తర్వాత 2019లో జరిగిన విభజనలతో ఈ రెండు జిల్లాలు నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేటలుగా చీలాయి. 2011 జనగణన నాటికి అక్షరాస్యత నల్లగొండలో 64 శాతం, మహబూబ్‌నగర్‌లో 55 శాతం. ఇంటిల్లిపాదిలో తొలిసారి బడికి వచ్చిన పిల్లలకు ఇంగ్లిష్ వినిపించేది టీచరు నోటి నుంచే. ఉన్నత పాఠశాలల్లో చాలాకాలం ఇంగ్లిష్ పాఠం వేరే సబ్జెక్టు టీచరు మీద పడే అదనపు పని. స్కూల్ అసిస్టెంట్ (ఇంగ్లిష్) అనే పోస్టు తర్వాత వచ్చింది.

ఈ ప్రాంతపు టీచర్లకు అన్నిటికంటే దగ్గరి పెద్ద సంస్థ హైదరాబాద్‌లోని 'సీఫెల్'. 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా మొదలై, 1972లో విదేశీ భాషలను కలుపుకొని సీఫెల్ అయింది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయ హోదాతో ఇఫ్లూగా మారినా, పాత టీచర్లు ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తారు. దీని తొలి సంచాలకుల్లో కన్నడ కవి వి.కె. గోకాక్ ఒకరు. ఇంగ్లిష్ బోధనలో పీజీ సర్టిఫికెట్ (పీజీసీటీఈ), దానిమీద పీజీ డిప్లొమా (పీజీడీటీఈ) ఇక్కడి ముఖ్యమైన కోర్సులు. వీటిని దూరవిద్యలో కూడా నడపడం వల్ల దేవరకొండలోనో అచ్చంపేటలోనో పనిచేసే టీచరు ఉద్యోగం వదలకుండా చేరగలిగాడు. పాఠాలు పోస్టులో వచ్చేవి. కాంటాక్టు తరగతులకు మాత్రం హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చేది.

ధ్వనిశాస్త్రం ఈ కోర్సుల్లో టీచర్లను బాగా తిప్పలు పెట్టే పేపరు. తెలుగు నోటికి 'బస్' బస్సవుతుంది, 'రోడ్' రోడ్డవుతుంది. చివర ఉకారం చేర్చనిదే మాట పూర్తయినట్టుండదు. ఇంగ్లిష్‌లో వేరువేరుగా పలికే v, w ధ్వనులకు మనకున్నది ఒక్క 'వ'కారమే. 'ఫొటోగ్రాఫ్'లో ఊనిక మొదటి అక్షరం మీద, 'ఫొటోగ్రఫర్'లో రెండో అక్షరం మీద పడుతుందన్నది ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన వారికి కూడా అక్కడే మొదటిసారి తెలిసేది. ఈ పేపరు రాసి వచ్చిన టీచరు పిల్లల ఉచ్చారణను తప్పు అని కొట్టిపారేయడు, తప్పు ఎక్కడ పుడుతుందో చూస్తాడు. ఈ ఒక్క లాభం కోసమైనా కోర్సు చేయవచ్చు.

రెండో దారి బెంగళూరుకు. 1963లో ఏర్పడిన దక్షిణ భారత ప్రాంతీయ ఆంగ్ల సంస్థ దక్షిణాది రాష్ట్రాలు పంపే ప్రభుత్వ టీచర్లకు 30 రోజుల సర్టిఫికెట్ కోర్సు నడుపుతోంది. టీచరు ఆన్ డ్యూటీ మీద వెళ్తాడు కాబట్టి సెలవు పోదు. వ్యాకరణ సూత్రాలు వల్లె వేయించకుండా పనులు చేయిస్తూ భాష నేర్పవచ్చని ఎన్.ఎస్. ప్రభు 1979–84 మధ్య బెంగళూరు, మద్రాసు పరిసర పాఠశాలల్లో నడిపిన ప్రయోగానికి నిలయమూ ఈ సంస్థే. దాని ఆధారంగా ఆయన 1987లో రాసిన 'సెకండ్ లాంగ్వేజ్ పెడగాజీ' ప్రపంచమంతా చదివిన పుస్తకం.

అంతర్జాతీయ అర్హతల్లో కేంబ్రిడ్జి వారి సెల్టా కొత్తవారికి, డెల్టా అనుభవజ్ఞులకు. డెల్టాలో మూడు భాగాలు: రాత పరీక్ష, పరిశీలకుల ముందు చెప్పే పాఠాలు, 4,000 పదాలకు పైబడిన ప్రాజెక్టు. బ్రిటన్ అర్హతల వరుసలో దీనిది మాస్టర్స్ డిగ్రీతో సమానమైన 7వ స్థాయి. విదేశాల్లో బోధించాలనుకునే వారికి ఇది మంచి పెట్టుబడి. జిల్లా పరిషత్ బడిలో పనిచేసే వారికి ఫీజు బరువు, ప్రతిఫలం శూన్యం.

ప్రతిఫలం మాటకొస్తే లెక్క వేరు. ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ పథకం కింద 6, 12, 18, 24 ఏళ్లకు స్కేలు పెరుగుతుంది. స్కూల్ అసిస్టెంటుకు 12 ఏళ్ల స్కేలుకూ, గెజిటెడ్ హెడ్మాస్టరు పదోన్నతికీ కావలసినవి శాఖాపరమైన జీవో టెస్టు, ఈవో టెస్టు. ఇవి నియమావళి, ఖాతాల పరీక్షలు. ఇంగ్లిష్ బోధనతో సంబంధం లేదు. ఎస్జీటీకి (సెకండరీ గ్రేడ్ టీచరుకు) స్కూల్ అసిస్టెంటు పదోన్నతిలో అక్కరకొచ్చేది ఎంఏ ఇంగ్లిష్. అందుకే పీజీసీటీఈ కంటే దూరవిద్య ఎంఏలకే గిరాకీ. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో నాగార్జునసాగర్‌లోనే మొదలైందన్నది నల్లగొండ వారు సగర్వంగా చెప్పుకునే సంగతి. అయితే ఎంఏలో చదివేది ప్రధానంగా సాహిత్యం. ఆరో తరగతికి ఇంగ్లిష్ ఎలా చెప్పాలన్న ప్రశ్న ఆ పట్టాతో తీరదు.

2022–23లో ప్రభుత్వ బడులన్నిటా ఇంగ్లిష్ మీడియం మొదలైనప్పుడు అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం సహకారంతో టీచర్లకు ఇంగ్లిష్ శిక్షణ ఇచ్చారు. మిగతాదంతా రిసోర్స్ పర్సన్లు, స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల మీదుగా రాష్ట్రం నుంచి మండలానికి దిగే శిక్షణే. దిగేకొద్దీ పలచబడుతుంది. 2020 జాతీయ విద్యావిధానం ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ కోరుతోంది. గంటలు నిండినంత మాత్రాన అర్హత రాదు.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఇప్పుడు పుస్తకాలు మళ్లీ తెరుచుకున్నాయి. అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలిన టీచర్లు రెండేళ్లలో ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) పాస్ కావాలి. పదోన్నతికీ అదే షరతు. తెలంగాణ టెట్ రెండో పేపరులో 150 మార్కులకు ఇంగ్లిష్‌వి 30. సాంఘికశాస్త్రం, లేదా గణితం–విజ్ఞానశాస్త్రం 60. ఇంగ్లిష్ టీచర్లకంటూ విడిగా పేపరు లేదు. పీజీడీటీఈ ఉన్న టీచరైనా ఇప్పుడు మొగల్ చక్రవర్తుల వరుసో, రాజ్యాంగ సవరణల పట్టికో చదవక తప్పదు.