ఇప్పపువ్వు, సారాకుండ, రెండు చట్టాలు

యూరపులో ఎల్డర్ అనే చెట్టు ఒకటి ఉంది. వేసవి మొదట్లో దాని తెల్లని పూగుత్తులను పొదల వెంట తిరిగి కోసుకువచ్చి, మద్యంలో చక్కెరతో నానబెట్టి, ఇంట్లోనే పరిమళ పానీయం చేసుకుంటారట. చదువుతున్నంతసేపూ నాకు మా నల్లమల గుర్తుకు వచ్చింది. పూలతో మత్తు పానీయం చేసుకోవడం మనకేమీ కొత్త కాదు. చరకసంహిత సూత్రస్థానంలో ఎనభైనాలుగు ఆసవాల లెక్క ఉంది. వాటిలో పది పూలతో చేసేవి. తామర, కలువ జాతుల సరసన అక్కడ మధూకమూ ఉంది. మధూకమంటే మన ఇప్పే.

అయితే ఒక తేడా ఉంది. ఎల్డరు పువ్వు వాసనను మాత్రమే ఇస్తుంది. మద్యమూ చక్కెరా వేరేచోటి నుంచి రావాలి. ఇప్పపువ్వుకు ఆ అవసరం లేదు. దాని రేకుల్లోనే తీపి నిండి ఉంటుంది. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. కనుకనే అది తిండీ అయింది, సారా కూడా అయింది. చరిత్రలో దానికి వచ్చిన కష్టాలన్నిటికీ మూలం ఈ రెండో గుణమే.

మార్కాపురం నుంచి పెద్దదోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళేవారికీ, గిద్దలూరు దాటి దిగువమెట్ట కనుమలో నంద్యాల రైలెక్కేవారికీ ఈ అడవి పరిచయమే. ఫాల్గుణ, చైత్రాలలో ఇప్పచెట్టు ఆకు రాల్చి పూతకు వస్తుంది. పూలు రాత్రిపూట విచ్చుకుంటాయి. కండగల, లేతపసుపు రంగు రేకులగొట్టాలు తెల్లవారుజామున టపటపా రాలిపడతాయి. కోయవలసిన పని లేదు, ఏరుకోవడమే. చెంచు స్త్రీలు, పిల్లలు చీకటితోనే బయలుదేరేది అందుకే. ఆలస్యమైతే ఎండకు పువ్వు వాడుతుంది. మరీ తొందరపడితే ఎలుగుబంటి ఎదురవుతుంది. ఇప్పపువ్వంటే దానికీ ప్రాణమే! రాలిన పూలు కనపడటానికి చెట్టు కింద ఎండుటాకులకు నిప్పు పెట్టే అలవాటొకటి ఉంది. అడవి మంటలకు ఇది కారణమని అటవీశాఖవారి ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో నిజం లేదనలేము.

ఏరిన పూలను నేలమీదో బండమీదో పరచి ఎండబెడితే నల్లద్రాక్షలాగా ముడుచుకుని నెలల తరబడి నిలుస్తాయి. వేయించుకుని తినవచ్చు, ఉడకబెట్టుకోవచ్చు, పిండితో కలిపి దంచుకోవచ్చు. ఆ తరువాత వచ్చే గింజల నుంచి నూనె వస్తుంది. అది దీపానికీ వంటకూ పనికివస్తుంది. నూనె తీయగా మిగిలిన పిండి తలరుద్దుకోవడానికి. ఇన్ని ఉపయోగాలున్న చెట్టును కరువు ప్రాంతంలో ఎవరు నరుక్కుంటారు? ఈ చెట్టు పేరు కూడా చాలా పాతది. తమిళులు ఇరుప్పై, ఇలుప్పై అంటారు, కన్నడిగులు ఇప్పె అంటారు, గోండులు ఇరుప్ అంటారు. ఒకే మాట ఇన్ని సోదర భాషల్లో ఉండటం చూస్తే, అవి విడిపోకముందే ఈ చెట్టుతో పరిచయం ఉండి ఉంటుందనిపిస్తుంది.

ఇక సారా సంగతి. ఎండుపూలను కుండలో నీళ్ళు పోసి నానబెడతారు. పువ్వును అంటిపెట్టుకున్న ఈస్టే పులిసే పని మొదలుపెడుతుంది. నాలుగైదు రోజులకు నురగ లేచి బుసబుసమంటుంది. ఆ బుసబుస అణిగితే ఊట సిద్ధమైనట్లు. దానిని పొయ్యిమీది పెద్దకుండలో పోసి, పైన అడుగున చిల్లులున్న మరో కుండ బోర్లించకుండా నిలబెట్టి, దానిలో చిన్న ముంత ఉంచి, అన్నిటిమీదా చన్నీళ్ళ పాత్ర పెడతారు. సందులను బంకమట్టితోనో తడిగుడ్డతోనో మూస్తారు. ఆవిరి పైకి లేచి, చల్లని అడుగును తాకి, బొట్లుబొట్లుగా ముంతలో పడుతుంది. పైనున్న నీళ్ళు వేడెక్కగానే మార్చాలి. సారా ఘాటు ఆ నీళ్ళు ఎన్నిసార్లు మార్చారన్నదాని మీద కూడా ఆధారపడి ఉంటుంది. మొదట దిగినది తీక్షణం, పోనుపోను పలచన. ఒక చుక్క నిప్పుమీద చల్లితే భగ్గుమనడమే పరీక్ష. మైదానంలో బెల్లపు ఊటకు తుమ్మచెక్క వేస్తారు. తెల్లతుమ్మకు సారాయితుమ్మ అన్న పేరు అలాగే వచ్చింది. అడవి ఇప్పసారాకు ఆ బెల్లం కూడా అక్కరలేదు.

1940లో అమ్రాబాదు పీఠభూమిపై చెంచులతో గడిపిన ఆస్ట్రియా దేశీయుడు ఫ్యూరర్ హైమెండార్ఫ్, 1943లో వెలువడిన తన గ్రంథంలో ఇప్పను చెంచుల తిండిగానూ సారాగానూ నమోదు చేశాడు. కృష్ణకు అవతల నిజాము రాజ్యం, ఇవతల మద్రాసు రాష్ట్రం. మార్కాపురం, గిద్దలూరు అప్పుడు కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు దానిలో కలిశాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు.

మద్రాసు ప్రభుత్వం నాలుగేళ్ళ వ్యవధిలో రెండు చట్టాలు చేసింది. 1882లో అటవీ చట్టం, 1886లో ఆబ్కారీ చట్టం. మొదటిది చెట్టును సర్కారుది చేసింది, రెండవది కుండను నేరం చేసింది. వీటిని విడివిడిగా చదివితే పరిపాలన సంస్కరణల్లా ఉంటాయి, గూడెంలో కూర్చుని కలిపి చదివితే వేరే అర్థం వస్తుంది. బొంబాయివారు ఇంకో అడుగు ముందుకు వేశారు. 1892లో ఏకంగా మౌరా చట్టమని పెట్టి, ఠాణా, కొలాబా జిల్లాల్లో పువ్వు మీదనే ఆంక్ష విధించారు. అది సారా అవుతుందన్న అనుమానానికి బీదల తిండి బలి అయింది. నీతిబోధ మాట ఎలా ఉన్నా, అసలు సంగతి రాబడి. మద్రాసులో భూమిశిస్తుతో పోటీపడే స్థాయికి ఆబ్కారీ ఆదాయం పెరిగింది. లైసెన్సు దుకాణంలో సారా అమ్ముడుపోవాలంటే ఇంట్లో కాచుకునే సారా ఆగాలి. రాజాజీ 1937లో సేలం నుంచి మద్యనిషేధం మొదలుపెట్టి, పోయిన ఆదాయం పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. మనం నిన్నమొన్నటిదాకా కట్టిన సేల్స్ టాక్సుకు మూలం సారాకుండలో ఉందన్నమాట!

ఆ నిషేధం 1938లో కడప జిల్లాకు వచ్చింది, కర్నూలుకు రాలేదు. గిద్దలూరుకు దక్షిణాన కాస్త దూరం పోతే కడప సరిహద్దు. అంటే కొంతకాలం ఇటు దుకాణంలో కొనుక్కుని తాగవచ్చు, అటు కొనడమే నేరం. 1948 అక్టోబరు నాటికి రాష్ట్రమంతా నిషేధం పరచుకుంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక నిషేధం ఎత్తివేయాలని రామమూర్తి కమిటీ సూచించగా ప్రకాశం పంతులుగారు అంగీకరించలేదు. 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. ఎవరి పేరు ఈ జిల్లాకు పెట్టారో ఆయన పదవి పోయింది సారా కల్లుల తగవులోనే. ఆ తగవు కల్లుగీసేవారి బతుకుతెరువు చుట్టూ తిరిగింది. వారికి నాయకులున్నారు, సంఘాలున్నాయి. చెంచుగూడేలకు అటువంటి గొంతు లేదు.

నేను సారాను కీర్తించడానికి ఇది రాయడం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మీద తిరగబడ్డప్పుడు వారి కోపం నూటికి నూరుపాళ్ళూ న్యాయం. వారి ఉద్యమం వల్లనే 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా ఆగింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో అది సడలింది. అయితే వారు తరిమినది ఇప్పసారాను కాదు. వేలంపాటలో హక్కు కొన్న కంట్రాక్టరు ఊరి మధ్యకు తెచ్చి పోసిన సర్కారు సారాను. పండుగకో పెళ్ళికో చావుకో కాచుకుని, దేవుడికి ధారపోసి, పంచుకు తాగే కుండకూ, రోజుకూలి రాగానే మింగే ప్యాకెట్టుకూ మధ్య భేదాన్ని చట్టమూ చూడలేదు, ఉద్యమమూ ఆగి చూడలేదు. అలాగని గూడెంలో తాగుడు వల్ల ఇళ్ళు కూలలేదని ఎవరైనా అంటే నేను నమ్మను. అడవిలోకి నల్లబెల్లం చేరాక కాపుసారాకు పూతకాలమనే హద్దు కూడా పోయింది.

2006 అటవీ హక్కుల చట్టం చిన్న అటవీ ఫలసాయం మీద యాజమాన్యం అడవిబిడ్డలకు ఇచ్చింది. పువ్వు ఏరుకోవడం హక్కు. దాన్ని నానబెట్టి పొయ్యెక్కిస్తే ఎక్సైజు కేసు. మధ్యప్రదేశ్‌లో మాత్రం 2021లో ప్రభుత్వమే ఇప్పసారాను వారసత్వ మద్యంగా ప్రకటించి, ఆదివాసీ సంఘాల చేత సీసాల్లో అమ్మించే పనికి పూనుకుంది. మన ఉట్నూరు వైపు ఆదివాసీ స్త్రీలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేస్తున్నారు.

దోర్నాల, ఎర్రగొండపాలెం, గిద్దలూరు, అర్ధవీడు ప్రాంతాల మిత్రులెవరైనా ఇది చదివితే ఒక కోరిక. మీ వైపు ఊటకుండకూ, పైకుండకూ, లోపలి ముంతకూ వేర్వేరు పేర్లుంటాయి. పెద్దవాళ్ళను అడిగి రాసి పంపండి. ఆ మాటలు ఎక్సైజువారి పంచనామాల్లోకి ఎక్కవు, నిఘంటువుల్లోనూ చాలావరకు దొరకవు.