అలోన్ ఇన్ ద డార్క్ (1992 వీడియో గేమ్)

అలోన్ ఇన్ ద డార్క్ ఫ్రాన్సు దేశానికి చెందిన ఇన్ఫోగ్రామ్స్ సంస్థ 1992లో ఎం.ఎస్.డాస్ కంప్యూటర్ల కొరకు విడుదల చేసిన భయానక సాహస వీడియో గేమ్. "చీకటిలో ఒంటరిగా" అని ఈ పేరుకు అర్థం. దీని ప్రధాన రూపకర్త ఫ్రెడెరిక్ రేనాల్. త్రిమితీయ పాత్రలను చేతితో చిత్రించిన దృశ్యాలపై నడిపించిన తొలి ఆటలలో ఇది ఒకటి. తరువాతి కాలంలో "సర్వైవల్ హారర్" అని పేరుపొందిన ఆటల ప్రక్రియకు ఇది ముఖ్యమైన మూలంగా పరిగణింపబడుతున్నది. గిన్నిస్ ప్రపంచ రికార్డుల సంస్థ దీనిని ఆ ప్రక్రియలో మొదటి త్రిమితీయ ఆటగా గుర్తించింది.

కథ

కథ 1920లలో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో జరుగుతుంది. డెర్సెటో అను పాత భవంతి యజమాని, చిత్రకారుడు అయిన జెరెమీ హార్ట్‌వుడ్ ఉరి వేసుకొని మరణిస్తాడు. ఆ మరణం వెనుక గల రహస్యాన్ని తెలుసుకొనుట ఆట లక్ష్యం. ఆటగాడు ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవచ్చును. ఒకరు ఎడ్వర్డ్ కార్న్‌బీ అను ప్రైవేటు డిటెక్టివ్. పురాతన వస్తువుల వ్యాపారి తరఫున అటకపై ఉన్న పియానోను పరిశీలించుటకు ఇతడు వస్తాడు. మరొకరు జెరెమీ బంధువైన ఎమిలీ హార్ట్‌వుడ్. ఆ పియానోలోని రహస్యపు అరలో ఉత్తరమేదైనా దొరకవచ్చునని ఈమె ఆశ. ఎవరిని ఎంచుకున్నా భవంతి, చిక్కుముడులు, ముగింపు ఒక్కటే.

భవంతి అడుగున గల గుహలలో ఎజెకియెల్ ప్రెగ్‌ట్ అను పూర్వకాలపు సముద్రపు దొంగ ఆత్మ ఒక చెట్టును ఆశ్రయించి ఉంటుంది. అది తిరిగి లోకంలోకి వచ్చుటకు ఒక మానవ శరీరాన్ని కోరుతున్నది. తన శరీరం దాని వశం కాకూడదనే జెరెమీ ప్రాణం తీసుకున్నాడని ఇంట్లో దొరికే కాగితాల ద్వారా క్రమంగా తెలుస్తుంది. నిరాశతో చేసిన ఆత్మహత్యగా మొదట కనిపించినది, కథ ముందుకు సాగిన కొద్దీ ప్రతిఘటనగా అర్థమవుతుంది. వెలుగుతున్న లాంతరును ఆ చెట్టుపై విసరి దానిని దహించుటతో కథ ముగుస్తుంది.

అమెరికన్ రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ (1890-1937) కథల ప్రభావం ఆటలో స్పష్టంగా కనిపిస్తుంది. నెక్రోనోమికాన్ వంటి కల్పిత గ్రంథాలు భవంతిలోని గ్రంథాలయంలో ఉంటాయి. కథను హ్యూబర్ట్ షార్డో వ్రాశాడు.

ఆడే విధానం

ఆట అటకపై మొదలవుతుంది. కొద్ది క్షణాలలోనే కిటికీ గుండా ఒక వికృత జీవి లోపలికి దూకుతుంది. ముందుగానే బీరువాను కిటికీకి అడ్డంగా జరిపితే అది లోనికి రాలేదు. నేలపై గల తలుపుమీదికి పెట్టెను జరిపినచో ఆ మార్గం కూడా మూసుకుపోతుంది. శత్రువును చంపుటకన్న రాకుండా ఆపుట మేలని ఆట ఆరంభంలోనే ఆటగాడికి బోధపడుతుంది.

పోరాడుట, వెదకుట, నెట్టుట వంటి క్రియలను పట్టిక నుండి ఎంచుకోవాలి. తూటాలు తక్కువ. మోయగల బరువుకు పరిమితి కలదు. అనేక ప్రమాదాలను ఆయుధంతో గాక ఆలోచనతో దాటవలసి ఉంటుంది. మెట్లవద్ద కాపలా కాయు రెక్కల జీవులను అద్దాల సహాయంతో తొలగించాలి. నృత్యశాలలోని ప్రేతాలు సరియైన గ్రామఫోను రికార్డు వినిపించినపుడు నాట్యంలో మునిగిపోతాయి. వాటిని తాకినచో మరణమే. కొన్ని గ్రంథాలను చదువుట కూడా ప్రాణాంతకం. ఆరంభంలోనే భవంతి ముఖద్వారం తెరచి పారిపోవాలని చూసినవారికి అక్కడే మృత్యువు ఎదురవుతుంది.

నిర్మాణం

రేనాల్ అంతకుముందు ఆల్ఫా వేవ్స్ అను త్రిమితీయ ఆటను పి.సి.లకు అనువుగా మార్చే పని చేశాడు. ఆ అనుభవం ఈ ఆటకు పునాది అయినది. జార్జ్ రొమెరో తీసిన జాంబీ చలనచిత్రాలపై ఆయనకు గల మక్కువ కూడా ఇందుకు తోడ్పడింది. డిడియే షాన్‌ఫ్రే పాత్రల చిత్రీకరణలోను, యాయెల్ బారో నేపథ్య దృశ్యాల చిత్రీకరణలోను పాలుపంచుకున్నారు. సంగీతం ఫిలిప్ వాషే.

ఆనాటి పి.సి.లకు గదినంతటినీ వివరంగా త్రిమితీయంగా గీసే శక్తి లేదు. కావున కదిలే పాత్రలను, వస్తువులను మాత్రమే బహుభుజులతో నిర్మించి, గదులను స్థిరచిత్రాలుగా గీశారు. ప్రతి గదికి కొన్ని కెమెరా కోణాలను ముందే నిర్ణయించారు. పాత్ర ఒక హద్దు దాటగానే కోణం మారుతుంది. ఒక్కొక్కప్పుడు కిటికీ వెలుపలి నుండి ఎవరో తొంగిచూస్తున్నట్లుగా దృశ్యం కనిపిస్తుంది. మూల మలుపు వెనుక ఏమున్నదో పాత్రకు కనబడవలసినా ఆటగాడికి కనబడదు. యంత్రపు పరిమితి వలన పుట్టిన ఈ పద్ధతి భయాన్ని కలిగించే ప్రధాన సాధనమైనది.

ప్రభావం

1996లో జపాను సంస్థ క్యాప్‌కామ్ విడుదల చేసిన రెసిడెంట్ ఈవిల్‌లోను భవంతి, స్థిరమైన కెమెరా కోణాలు, ఇద్దరు నాయకులలో ఒకరిని ఎంచుకొనుట, పరిమితమైన తూటాలు కనిపిస్తాయి. ఆ ఆట ప్రపంచవ్యాప్తంగా పొందిన విజయం మూలాన అలోన్ ఇన్ ద డార్క్ పేరు కొంత మరుగున పడింది. రెసిడెంట్ ఈవిల్ దర్శకుడు షింజి మికామి 2014లో ఫ్రెంచి దినపత్రిక ల మోండ్‌తో మాట్లాడుతూ ఈ ఆట తనపై చూపిన ప్రభావాన్ని అంగీకరించాడు.

ఆట విజయవంతమైన కొద్ది కాలానికే రేనాల్, మరికొందరు సహచరులు ఇన్ఫోగ్రామ్స్‌ను వీడి 1993లో ఎడెలిన్ సాఫ్ట్‌వేర్‌ను స్థాపించారు. వారు నిర్మించిన లిటిల్ బిగ్ అడ్వెంచర్ 1994లో వెలువడింది. 2006లో ఫ్రాన్సు ప్రభుత్వం రేనాల్‌ను కళలు, సాహిత్య రంగాల "షెవాలియే" గౌరవంతో సత్కరించింది. అదే సందర్భంలో షిగెరు మియమోటో, మిషెల్ ఆన్సెల్ కూడా ఈ గౌరవాన్ని అందుకున్నారు.

తరువాతి భాగాలు

రెండవ భాగం 1993లో వచ్చింది. అందులో పోరాటాల పాలు పెరిగి, అన్వేషణ తగ్గింది. మూడవ భాగం కథ కాలిఫోర్నియాలోని ఒక పాడుపడిన పట్టణంలో జరుగుతుంది. తొలి ఆటలో కార్న్‌బీతో సమానమైన నాయికగా ఉన్న ఎమిలీ, ఇందులో అతడు వెదకి రక్షించవలసిన వ్యక్తిగా మారిపోయింది. ఆ తరువాత 2001, 2008, 2015 సంవత్సరాలలో మరికొన్ని ఆటలు వెలువడినవి. ఉవే బోల్ దర్శకత్వంలో 2005లో ఇదే పేరుతో చలనచిత్రం కూడా విడుదలైనది.

2018లో ఈ ఆటల హక్కులను టి.హెచ్.క్యు. నార్డిక్ సంస్థ అటారి నుండి కొనుగోలు చేసింది. స్వీడన్‌కు చెందిన పీసెస్ ఇంటరాక్టివ్ కొత్తగా నిర్మించిన ఆట 2024 మార్చిలో విడుదలైనది. ఇందులో కార్న్‌బీగా డేవిడ్ హార్బర్, ఎమిలీగా జోడీ కోమర్ నటించారు. ఇద్దరిలో ఎవరినైనా ఎంచుకొనే అవకాశం మళ్ళీ లభించింది. అయితే అదే సంవత్సరం జూన్‌లో ఆ నిర్మాణ సంస్థ మూతబడింది.

ఇవి కూడా చూడండి

రెసిడెంట్ ఈవిల్
హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్
లిటిల్ బిగ్ అడ్వెంచర్