హెబ్రీయ ప్రవక్తలు, జాతి ఉత్తరవాదిత్వము: బెంగళూరు చింతనా చరిత్ర

మనుష్యుడు తన క్రియలకు దేవుని యెదుట లెక్క అప్పగింపవలసినట్లే, జాతియు తన రాజులు చేసినదానికి, తన న్యాయస్థానములు చేయక విడిచినదానికి, తన అంగళ్ళలోని తూనికరాళ్ళకు సయితము లెక్క అప్పగింపవలసియున్నదను భావమునకు ప్రాచీన ప్రపంచమున మిక్కిలి స్ఫుటమైన రూపము నిచ్చినవారు, క్రీ.పూ. 8వ శతాబ్ది మొదలు 6వ శతాబ్ది వరకు ఇశ్రాయేలు, యూదా రాజ్యములందు ప్రవచించిన హెబ్రీయ ప్రవక్తలు. భారతదేశమున ఈ భావమును వ్యాఖ్యానగ్రంథముల నుండి వెలికిదీసి, స్వతంత్రరాజ్య నిర్మాణమునకును, అత్యయిక పరిస్థితికిని, అస్పృశ్యతకును ఎదురుగా నిలిపిన చింతనకు ప్రధానస్థానము బెంగళూరు. అందును విశేషించి అచ్చటి మిల్లర్సు రోడ్డు.

పూర్వరంగము నాతాను, ఏలీయా అను పూర్వప్రవక్తలతో మొదలగును. నాబోతు ద్రాక్షతోటను కాజేసిన ఆహాబును ఏలీయా నిలదీసిననాడు దోషి రాజొక్కడే. జాతి యంతయు బోనులో నిలువబడినది ఆమోసు కాలమున. తెకోవలో పసులు కాచుకొనుచు, మేడిపండ్లు ఏరుకొని బ్రదుకుచుండిన ఈతడు, యరొబాము రెండవవాని పాలనలో ఉత్తర రాజ్యము సిరిసంపదలతో తులదూగుచుండిన దినములలో, బేతేలు రాజాలయమునకు పోయి నోరు విప్పెను. ఆయన గ్రంథము ఆరంభమైన తీరు శ్రద్ధతో చూడదగినది. మొదట దమస్కు, పిమ్మట గాజా, తూరు, ఎదోము, అమ్మోను, మోయాబు: ఇరుగుపొరుగు శత్రువుల పాతకములు ఒక్కొక్కటిగా వినబడుచుండగా ఇశ్రాయేలు శ్రోతలకు అవి కర్ణపేయములుగనే యుండియుండును. తరువాత యూదా, కట్టకడపట, అందరికంటె దీర్ఘముగా, ఇశ్రాయేలు. పొరుగువారిపై మోపిన నేరములు యుద్ధక్రౌర్యములు కాగా, స్వజాతిపై మోపినవి బీదవానిని చెప్పులజోడు కొరకు అమ్మివేయుట, తాకట్టుగా గొన్న వస్త్రములను బలిపీఠము ప్రక్కనే పరచుకొని పండుకొనుట వంటి శాంతికాలపు నేరములు. మోయాబు చేసిన దోషము ఎదోమురాజు ఎముకలను కాల్చుట. దానిలో ఇశ్రాయేలునకు కలిగిన నష్టమేమియు లేదు. దైవన్యాయము ఎన్నుకొనబడిన ప్రజల స్వార్థమునకు కావలి కాదనుట దీనివలన తేటపడుచున్నది. ఐగుప్తునుండి ఇశ్రాయేలును రప్పించిన దేవుడే ఫిలిష్తీయులను, సిరియనులను సయితము వారివారి తావులనుండి రప్పించెనని చెప్పుటకు ఆమోసు వెనుదీయలేదు. యాజకుడైన అమజ్యా ఆయనను దేశము విడిచి పొమ్మనుటలో వింతలేదు. ఆమోసు నిందించిన దంతపు మంచముల మాట కవికల్పన కాదనుటకు, ఉత్తర రాజ్యపు రాజధానియైన షోమ్రోను త్రవ్వకములలో 20వ శతాబ్దియందు బయల్పడిన దంతపు పలకలే సాక్ష్యము.

షోమ్రోను క్రీ.పూ. 722 ప్రాంతమున అష్షూరీయుల వశమయ్యెను. దక్షిణమున యెషయా, మీకాలు అదే వాదమును యెరూషలేముపై సాగించిరి. యిర్మీయా నాటికి ఆ వాదము రాజుగారి చలికాలపు గృహములోనికే చొచ్చెను. యిర్మీయా చెప్పగా లేఖకుడైన బారూకు వ్రాసిన పత్రపు చుట్టను మూడు నాలుగు పుటలు చదివినంతనే రాజైన యెహోయాకీము చాకుతో కోసి, ఎదుటనున్న కుంపటిలో వేయుచు, చుట్ట యంతయు కాలిపోవువరకు కూర్చుండెనట. యిర్మీయా మరల చెప్పగా బారూకు మరల వ్రాసెను, ఈ పర్యాయము మరికొన్ని మాటలు చేర్చి. అంతకు ముందొకప్పుడు యిర్మీయాకు మరణశిక్ష విధింపజూచినపుడు, దాదాపు నూరేండ్ల క్రిందట మీకా ఇట్టి మాటలే చెప్పగా హిజ్కియారాజు ఆయనను చంపలేదని పెద్దలు జ్ఞాపకము చేసిరి. విమర్శకుని బ్రదుకనిచ్చుట రాజ్యమర్యాదలో భాగమని ఒక న్యాయసభలో పూర్వోదాహరణముతో వాదింపబడిన ఈ ఘట్టమునకు రావలసినంత ప్రసిద్ధి రాలేదు. యెరూషలేము క్రీ.పూ. 586 ప్రాంతమున కూలుటకు మునుపే చెరపోయిన యెహెజ్కేలు, తండ్రుల పాపమును సాకుగా చెప్పుకొనుట మాని ఎవని లెక్క వాడే చెప్పవలెనని బోధించి, జాతి దోషము చాటున వ్యక్తి దాగు వీలును తొలగించెను.

ఇక తెలుగునాట, 1805లో విశాఖపట్టణమున లండను మిషను పని ప్రారంభమైనది మొదలు 19వ శతాబ్దిలో బైబిలు క్రమముగా తెలుగున వెలువడెను. అయినను ప్రవక్తలను క్రీస్తురాకకు ముందుసూచనలుగా చదువుటయే చిరకాలము వాడుక. 1876-78 నాటి కరవు వెనుక, 1878 జులై 3న ఒంగోలు ప్రాంతపు వెల్లంపల్లి యొద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగలు. ఆ జనులకు ఆమోసు మాటలు ఎంత సమీపములో నుండెనో ఆనాటి బోధకులు పూర్తిగా గ్రహించిరని చెప్పజాలము. ఈ దేశముపై దేవునికి మొరపెట్టు ధైర్యమును తెలుగు సాహిత్యమున చూపినవాడు గుఱ్ఱం జాషువ: 1941 నాటి ‘గబ్బిలము’న అస్పృశ్యుడొకడు తన ఫిర్యాదును గబ్బిలముచే శివునికి పంపుకొనును.

బెంగళూరున, పైన చెప్పిన మిల్లర్సు రోడ్డున గల యునైటెడ్ థియొలాజికల్ కళాశాల 1910లో స్థాపితమయ్యెను. దాని సమీపముననే 1957లో, సి.ఐ.ఎస్.ఆర్.ఎస్. అను పొట్టిపేర ప్రసిద్ధమైన మత-సమాజాధ్యయన క్రైస్తవ సంస్థ వెలసెను. తొలి సంచాలకుడు పి.డి. దేవనందన్; 1962లో ఆయన గతించినపిమ్మట 1976 వరకు ఎం.ఎం. తామస్ ఆ బాధ్యత వహించెను. ఆసియా ప్రజల విప్లవములలో మానవగౌరవమునకై జరుగు అన్వేషణ దైవసంకల్పమునకు చెందినదే యైనను, జాతి తన్ను తానే ఆరాధించుకొన మొదలిడిననాడు అది తీర్పునకు గురియగునని తామస్ 1966 నాటి గ్రంథమున ప్రతిపాదించెను. రాజ్యమును దూరమునుండి దూషించుటయు, దానికి మంగళహారతులు పట్టుటయు రెండును ఆయనకు సమ్మతములు కావు.

1975 జూన్ 25 రాత్రి అత్యయిక పరిస్థితి విధింపబడెను. మరునాడు బెంగళూరులోనున్న అద్వానీ, వాజపేయి మున్నగు ప్రతిపక్షనాయకులు నిర్బంధితులైరి. క్రైస్తవసంఘ నాయకులలో పలువురు మౌనము వహింపగా, తామస్ మద్రాసునుండి వెలువడు ‘గార్డియన్’ వారపత్రికలో నిరంకుశత్వమును ఎదిరించుచు వ్రాసెను. ఆ రచనలు 1979లో సంపుటముగా వెలువడినవి. ఇదే నగరపు కేంద్రకారాగారమున తెలుగుకవి, చలనచిత్ర దర్శకుడు పఠాభి భార్య స్నేహలతారెడ్డి 1976 మే మొదలు నిర్బంధమున నుండెను. ఉబ్బసము ముదిరి, 1977 జనవరి 15న పెరోలుపై బయటికి వచ్చి, అయిదుదినములకే కన్నుమూసెను. ఆమె చెరసాలలో వ్రాసుకొన్న దినచర్య మరణానంతరము అచ్చయ్యెను. రాజ్యము లెక్క చెప్పవలసినది ఇట్టి ప్రాణములకే.

ఆమోసు క్రమమున ఇంతవరకు నడచినది పరులను గూర్చిన ప్రవచనము. స్వగృహపు వంతు 1981లో వచ్చెను. అరవింద్ నిర్మల్ యునైటెడ్ థియొలాజికల్ కళాశాలలోనే చేసిన ప్రసంగమున, భారతీయ క్రైస్తవ చింతన అగ్రవర్ణపు తత్త్వపరిభాషలో బంధింపబడి, సంఘములో అధికసంఖ్యాకులైన అణగారిన జనులను మరచినదని నిరూపించి, దళిత దైవశాస్త్రమునకు నాంది పలికెను. యెషయా గ్రంథములోని బాధామయుడైన సేవకుని మూర్తిని ఆయన పిమ్మట దళితజీవితముతో జోడించెను. 1985 జులై 17న నాటి ప్రకాశం జిల్లా కారంచేడులో జరిగిన దళితుల హత్యాకాండ ఈ చింతనను గ్రంథాలయమున కూర్చుండనీయలేదు. బెంగళూరు సంస్థకు చెందిన ఎం.ఇ. ప్రభాకర్ సంపాదకత్వమున 1988లో దళిత దైవశాస్త్ర వ్యాససంపుటి వెలువడెను. నా దృష్టిలో, బెంగళూరు చింతన ప్రవక్తల పేరు నిలబెట్టుకొన్నది ప్రభుత్వమును విమర్శించిననాటి కంటె, తన సంఘమును బోనెక్కించిన ఈ దశకముననే.

రాజ్యము, సంఘము రెండును లెక్క చెప్పవలసిన విషయము నేటికిని ఒకటున్నది. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తర్వులోని మూడవ పేరా ఆ ప్రతిపత్తిని హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించినను, క్రైస్తవదళితులకు నేటికిని వర్తింపజేయలేదు. అందుకై వారు రాజ్యమును నిలదీయుట న్యాయమే. కాని కొన్నియెడల సమాధిభూములు సయితము కులమునుబట్టి వేరుగానున్న సంఘములు, ఆ విన్నపమును తమ ముంగిటనుండియే ఆరంభింపవలసియున్నది.