బడిగంట మారితే బస్సు ఖర్చు తగ్గుతుందా?

అమెరికాలో ప్రభుత్వ పాఠశాలలను ‘స్కూల్ డిస్ట్రిక్టులు’ నిర్వహిస్తాయి. ఇవి మన రెవెన్యూ జిల్లాల వంటివి కావు. ఒక పట్టణం లేదా కౌంటీ పరిధిలోని బడులను సొంత బడ్జెట్‌తో నడిపే స్థానిక సంస్థలు. విద్యార్థులను బస్సుల్లో చేరవేసే బాధ్యత కూడా చాలాచోట్ల వీటిదే. ఆ ఖర్చు పెరిగినప్పుడు ఇవి తరచుగా ఎంచుకునే మార్గం బడివేళల మార్పు.

లెక్క ఇదీ

బస్సుల సంఖ్య, డ్రైవర్ల వేతనాలే ఈ వ్యయంలో ప్రధానమైనవి. బడులన్నీ ఒకే సమయానికి తెరిస్తే ఒక్కో బస్సు ఉదయం ఒక్క ట్రిప్పుకే పరిమితమవుతుంది. కొన్ని 7.30కి, కొన్ని 8.30కి, మరికొన్ని 9.30కి తెరిస్తే అదే బస్సు, అదే డ్రైవరుతో మూడు ట్రిప్పులు సాధ్యమవుతాయి. అయితే మూడు వేళల్లోనూ బడుల సంఖ్య సమంగా ఉండాలి. ఒక వేళలోనే ఎక్కువ బడులు చేరితే, ఆ గంటకు అవసరమైన బస్సులన్నింటినీ రోజంతా పోషించక తప్పదు.

ముందుగా తెరిచే వంతు ఎవరిదన్నదే వివాదం. కౌమార దశలోని పిల్లలకు నిద్ర చాలదన్న కారణంతో మిడిల్, హైస్కూళ్లు 8.30కి ముందు ప్రారంభం కారాదని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2014లో సూచించింది. కాలిఫోర్నియాలో 2019లో చేసిన చట్టం హైస్కూళ్లకు 8.30, మిడిల్ స్కూళ్లకు 8 గంటలను హద్దుగా నిర్ణయించింది. గ్రామీణ ప్రాంతాలకు మినహాయింపునిస్తూ అది 2022 జులైలో అమల్లోకి వచ్చింది. పెద్ద పిల్లల బడి ఆలస్యమైతే, అవే బస్సులతో నడవాలంటే చిన్న పిల్లల బడి ముందుకు జరగాల్సి వస్తుంది.

బోస్టన్‌లో ఎదురుగాలి

బోస్టన్ నగర పాఠశాలలు 2017లో ఈ చిక్కును పోటీగా పెట్టగా ఎంఐటీ పరిశోధకులు గెలిచారు. వారి కంప్యూటర్ పద్ధతితో మార్గాలను తిరగరాయడం వల్ల దాదాపు 50 బస్సులు తగ్గాయి, సుమారు 50 లక్షల డాలర్లు ఆదా అయ్యాయి. తర్వాత అదే ఏడాది డిసెంబరులో సుమారు 85 శాతం బడుల వేళలు మార్చాలని ప్రతిపాదించారు. కొన్ని ప్రాథమిక పాఠశాలలు ఉదయం 7.15కే తెరవాల్సి వచ్చేది. మధ్యాహ్నం ఒంటిగంట దాటగానే ఇల్లు చేరే పిల్లలను ఎవరు చూసుకోవాలని తల్లిదండ్రులు నిలదీశారు. సుమారు రెండు వారాల్లోనే అధికారులు ప్రతిపాదనను విరమించుకున్నారు. మార్గాల మార్పుతో వచ్చిన ఆదా మాత్రం నిలిచింది.

లూయీవిల్‌లో గందరగోళం

కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లోని జెఫర్సన్ కౌంటీ పాఠశాలలను ఇందుకు పురికొల్పింది డ్రైవర్ల కొరత. 2023 విద్యా సంవత్సరానికి బస్సు మార్గాలను సుమారు 730 నుంచి 600కు కుదించి, బడులకు తొమ్మిది ప్రారంభ వేళలు నిర్ణయించారు. ఆగస్టు 9న, తొలిరోజే, చివరి విద్యార్థులు ఇల్లు చేరేసరికి రాత్రి 10 కావచ్చింది. తరగతులు వారానికి పైగా నిలిచిపోయాయి. ట్రిప్పుల మధ్య వ్యవధి తక్కువైనప్పుడు మొదటి ట్రిప్పు జాప్యం తర్వాతి బడులన్నింటికీ పాకుతుంది. కొరత తీరకపోవడంతో 2024-25లో, ప్రత్యేక కోర్సుల కోసం దూరప్రాంతాల నుంచి పిల్లలు చేరే మ్యాగ్నెట్ పాఠశాలల్లో చాలావాటికి బస్సులనే ఆపేశారు.

గమనించాల్సినవి

ట్రిప్పుల నడుమ తగినంత వ్యవధి, కొత్త మార్గాల్లో ముందస్తు పరీక్షా ప్రయాణాలు, కుటుంబాలకు కొన్ని నెలల ముందే సమాచారం, చిన్న పిల్లలకు బడి తర్వాత సంరక్షణ ఏర్పాటు: ఇవి లేని పొదుపు కాగితాల మీదే మిగులుతుంది. రవాణా పద్దులో తగ్గిన ఖర్చు అంతటితో మాయం కాదు. పిల్లల కోసం పనివేళలు మార్చుకునే, సంరక్షణకు రుసుము చెల్లించే తల్లిదండ్రుల ఇంటి పద్దులోకి అందులో కొంత చేరుతుంది. వేళల మార్పును తూచేటప్పుడు ఆ రెండు పద్దులనూ కలిపి చూడాలి.