రాజీనామా

ఉర్దూలో రాజీనామా అంటే తగువుపడ్డ ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్న కాగితం. తెలుగులోకి వచ్చేసరికి అది పదవి వదిలి వెళ్లిపోవడం అయింది. ముద్దాయి సంగతి ఇంకా చిత్రం. ఉర్దూలో ముద్దయీ అంటే దావా తెచ్చినవాడు. తెలుగు కోర్టుల్లో అతనే బోనెక్కాడు. రెండు భాషల్లో బతికే మాకు ఈ తారుమారు చూస్తే నవ్వొస్తుంది. ఫిర్యాదు చెయ్యడానికి వెళ్లి ముద్దాయిలై తిరిగొచ్చినవాళ్లు మాలో ఉన్నారు కాబట్టి ఆ నవ్వు ఎంతోసేపు నిలవదు.

ఇస్లామీ న్యాయశాస్త్రంలో హత్య ముందుగా హతుడి వారసులకు జరిగిన అన్యాయం. వాళ్లు కిసాస్, అంటే ప్రాణానికి ప్రాణం కోరవచ్చు. దియత్, అంటే రక్తపరిహారం తీసుకోవచ్చు. ఊరికే క్షమించనూవచ్చు. ఖురాన్ రెండో సూరా 178వ ఆయత్ ఇందుకు ఆధారం. మొఘలుల తర్వాత కంపెనీ చేతికొచ్చిన బెంగాల్ ఫౌజ్‌దారీ కోర్టుల్లో హిందువులకూ ముస్లింలకూ నడిచింది ఈ చట్టమే. మన పల్లెల్లో కులపెద్దలు తప్పు కట్టించి తగువు తీర్చడం కూడా దీనికి మరీ దూరపుదేం కాదు.

వారసుల క్షమాహక్కు దొరలకు నచ్చలేదు. 1773లోనే వారన్ హేస్టింగ్స్ దాన్ని తప్పుపట్టాడు. 1790లో కారన్‌వాలిస్ ఫౌజ్‌దారీ అధికారాన్ని నాయబ్ నాజిం మహమ్మద్ రజాఖాన్ నుంచి లాక్కున్నాడు. 1793 నాటికి వారసులు క్షమించినా హంతకుడికి శిక్ష తప్పదని చట్టమైంది. కాజీలనూ ముఫ్తీలనూ మాత్రం అప్పుడే తీసెయ్యలేదు. వారసులు కిసాస్ కోరారనే అనుకుని ఫత్వా రాయండి అన్నారు! క్షమించిన తల్లి కూడా కాగితం మీద ప్రాణం అడిగినట్టే లెక్క. ఇదే పద్ధతి 1802లో మద్రాసు ప్రెసిడెన్సీకీ, అంటే మన సర్కారు జిల్లాలకూ వచ్చింది. 1862లో పీనల్ కోడ్ అమల్లోకి వచ్చాక నేరం పూర్తిగా సర్కారు సొత్తయింది.

కంపెనీ వాదంలో నిజం లేదని మేం అనం. డబ్బున్నవాడు రక్తాన్ని కొనెయ్యగలడు. పేదవాడి సమ్మతి వెనక పెద్దమనుషుల గుడ్లురుముడు ఉంటుంది. ఆడవాళ్ల విషయంలో చెప్పనే అక్కర్లేదు. 2003లో ఆంధ్రప్రదేశ్ 498ఎ కేసుల్లో కోర్టు అనుమతితో రాజీని ఒప్పుకుంటూనే, దరఖాస్తు పెట్టాక కనీసం మూడు నెలలు ఆగాలని షరతు పెట్టింది ఆ భయంతోనే అయివుంటుంది.

1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 320వ సెక్షన్ కొన్ని నేరాలకు రాజీని మిగిల్చింది. మాటతో మతభావాన్ని గాయపరిస్తే (298) రాజీ పడొచ్చు. దొమ్మీకి (147) కుదరదు. అయినా మతకలహాల తర్వాత శాంతి కమిటీల్లో మా ముందుకొచ్చే మాట ఒకటే: మీరు మీ కేసు వదులుకోండి, వాళ్లు వాళ్లది వదులుకుంటారు. ఇల్లు కాలినవాడి కేసూ, రాయి విసిరాడని వాడి కొడుకు మీద పెట్టిన కేసూ ఒకే తూకమా? రాజీ అనేది సమానుల మధ్య మాట. అది కుదరకపోతే 321వ సెక్షన్ ఉండేది. పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టు అనుమతితో కేసు ఉపసంహరించుకోవచ్చు. బాధితుడిని అడగాలని అందులో ఎక్కడా లేదు. వారసుడి నోరు మూయించిన సర్కారు, క్షమించే హక్కు మాత్రం తన దగ్గర ఉంచుకుంది.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 360వ సెక్షన్, ఉపసంహరణకు ముందు బాధితుడికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలంటోంది. అతని సమ్మతి కావాలని మాత్రం అనలేదు. ఆ పాటి అవకాశమైనా ఉందని మావైపు వకీళ్లు వీధివీధికీ వెళ్లి, ఉర్దూలోనూ తెలుగులోనూ చెప్పాలి.