జీనోమ్ వ్యాలీకి ముందు బాలానగర్

హైదరాబాద్ నుంచి కరీంనగర్ రోడ్డు పట్టి శామీర్‌పేట దాటితే తుర్కపల్లి వస్తుంది. అక్కడ విస్తరించిన జీనోమ్ వ్యాలీ గురించి ప్రభుత్వ ప్రచార పత్రాలూ పత్రికల ప్రత్యేక సంచికలూ చెప్పే కథ ఒక్కటే. 1999లో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రకటించారు, ఐసీఐసీఐ నాలెడ్జ్ పార్కు వెలసింది, వెంట కంపెనీలు వచ్చాయి. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు తమ తమ అధ్యాయాలు చేర్చుకున్నాయి. ఇందులో తేదీలు సరైనవే, కార్యకారణాలే తారుమారయ్యాయి. భారత్ బయోటెక్ 1996లోనే పుట్టింది. శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా 1997 ఆగస్టులో విడుదలైంది. ప్రభుత్వం స్థలాలు, రోడ్లు, అద్దెకు ప్రయోగశాలలు సమకూర్చడం మంచి పనే. కానీ అప్పటికే నిలదొక్కుకున్న పరిశ్రమకు అది దన్ను మాత్రమే.

మరీ వెనక్కి వెళ్లి 1880లలో క్లోరోఫామ్ మత్తుమందును పరీక్షించిన హైదరాబాద్ కమిషన్ల దగ్గరా, 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్ దగ్గరా మొదలుపెట్టేవారు కూడా ఉన్నారు. గర్వించదగిన ఘట్టాలే అవి. వాటికీ నేటి పరిశ్రమకూ మధ్య తెగని దారం మాత్రం నాకు కనిపించదు. దారం దొరికేది 1944లో నిజాం ప్రభుత్వం నెలకొల్పిన పరిశోధనాలయం దగ్గర. అదే రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీ అయింది, ఇప్పటి ఐఐసీటీ. 1953లో మొదలైన బయలాజికల్-ఇ, 1958లో కూనూరు నుంచి తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయం, 1977లో పుష్ప భార్గవ నాయకత్వంలో ఏర్పడిన కణజీవశాస్త్ర పరిశోధనాలయం సీసీఎంబీ ఆ తర్వాతివి.

అసలు వివాదం ప్రభుత్వరంగ మందుల సంస్థ ఐడీపీఎల్ గురించి. సోవియట్ సాయంతో బాలానగర్‌లో కట్టిన ఈ సింథటిక్ డ్రగ్స్ ప్లాంటు 1960ల చివర్లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1992లో సంస్థను ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు. ఆర్థిక చరిత్రకారుల్లో చాలామంది దాన్ని ప్రభుత్వరంగ వైఫల్యానికి ఉదాహరణగా రెండు వాక్యాల్లో ముగిస్తారు. లాభనష్టాల పట్టికే కొలమానమైతే వాళ్ల మాట నిజం. ఖర్చు ఎక్కువ, దిగుబడి తక్కువ, నిర్ణయాలు ఢిల్లీలో. అయితే ఆ పట్టికలోకి ఎక్కని రాబడి ఒకటుంది, అది మనుషులు.

బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) తయారీ పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. ప్రయోగశాలలో లీటరు ఫ్లాస్కులో ఒద్దికగా సాగిన రసాయన చర్య వేల లీటర్ల రియాక్టర్‌లో అలా సాగదు. లోపల పుట్టిన వేడి గోడల గుండా త్వరగా బయటికి పోదు. రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్‌లో చల్లనీళ్లు ఎప్పుడు వదలాలో, రెండో రసాయనాన్ని ఎంత నెమ్మదిగా పోయాలో తెలియకపోతే సరుకు మాడుతుంది, ఒక్కోసారి రియాక్టరే పేలుతుంది. స్ఫటికాలు సరిగా కట్టకపోతే సెంట్రిఫ్యూజ్‌లో వడకట్టడం కుదరదు, డ్రయ్యర్‌లో ఆరదు. ఈ తెలివి షిఫ్టుల్లో నిలబడి నేర్చుకోవాలి. మన దగ్గర అంత పెద్ద ఎత్తున దాన్ని నేర్పింది బాలానగర్. అక్కడ 1975 దాకా పనిచేసిన అంజిరెడ్డి బయటికొచ్చి యూనిలాయిడ్స్‌లో మెట్రోనిడజోల్, స్టాండర్డ్ ఆర్గానిక్స్‌లో సల్ఫామెథాక్సజోల్ తయారీకి పూనుకున్నారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఆయన వెనకా ముందూ పేర్లు పుస్తకాలకెక్కని కెమిస్టులూ ఆపరేటర్లూ ఎందరో జీడిమెట్ల, బొల్లారం షెడ్లలోకి ఆ నేర్పును మోసుకెళ్లారు.

ఇక్కడ నా వాదాన్ని కొంత తగ్గించుకోవాలి. 1970 నాటి పేటెంటు చట్టం లేకపోతే ఈ నేర్పుకు మార్కెట్ ఉండేది కాదు. 1972లో అమల్లోకొచ్చిన ఆ చట్టం మందుకు కాక, తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చింది. వేరే దారిలో అదే మందు చేయగలిగిన కెమిస్టుకు అప్పుడు విలువ పెరిగింది. పైగా అందరూ ఐడీపీఎల్ నుంచి రాలేదు. నాట్కో నన్నపనేని, దివీస్ మురళి అమెరికా నుంచి తిరిగొచ్చినవాళ్లు. అన్నిటికన్నా ముఖ్యంగా, తుర్కపల్లికి ప్రాణమైన టీకాల పాయకు మూలం వేరు. శాంతా వ్యవస్థాపకుడు వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. ఆయన బృందం ఉస్మానియాలోనూ సీసీఎంబీలోనూ చోటు దొరికించుకుని, ఈస్ట్ కణాల చేత టీకా ప్రొటీన్ చేయించింది. భారత్ బయోటెక్ స్థాపించిన కృష్ణా ఎల్లా అమెరికాలో మాలిక్యులర్ బయాలజీ చదివొచ్చారు. కాబట్టి పాయలు రెండు: రసాయనాలది బాలానగర్, జీవకణాలది ఉస్మానియా, సీసీఎంబీల పరిసరమైన తార్నాక. వీటిలో రెండోదాన్నే జీనోమ్ వ్యాలీ తన వంశవృక్షంలో చూపించుకుంటుంది.

మొదటిదాన్ని మరిచిపోవడానికి కారణం పటాన్‌చెరు అని నా అనుమానం. బొల్లారం, కాజీపల్లి, పటాన్‌చెరుల మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగు మీదుగా మంజీరకు చేరాయి. బావులు పాడయ్యాయి, పొలాలు చెడ్డాయి. 1990లో ఈ గోడు సుప్రీంకోర్టుకెక్కింది. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని ప్రచురించారు. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికన్నా ఇది ఎక్కువ. శుద్ధి చేశాక మిగిలింది అంత! యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా గురించి ప్రపంచం మాట్లాడినప్పుడల్లా ఈ ఊరి పేరు వస్తుంది. తళతళలాడే పార్కుల కథలో దానికి చోటివ్వడం ఇబ్బందే, కానీ ఇవ్వక తప్పదు.

ఇవాళ్టి జీనోమ్ వ్యాలీ సాధించింది తక్కువేమీ కాదు. వందల రూపాయలు పలికిన హెపటైటిస్ టీకా ధర మన కంపెనీల పోటీ వల్లే పేదవాడికి అందేంతగా దిగింది. రోటావ్యాక్, టైఫాయిడ్ కాంజుగేట్ టీకా, కోవాగ్జిన్ ఇక్కడివే. అయితే కోవాగ్జిన్‌కు 2021 జనవరిలో మూడో దశ ఫలితాలు రాకముందే అనుమతి ఇవ్వడం, మంచి టీకా మీద అనవసరమైన సందేహం పడేలా చేసింది. శాంతా 2009లో ఫ్రెంచి సనోఫీ చేతికి వెళ్లింది. మందుల ముడిసరుకులో చాలావాటికి చైనా వైపు చూస్తున్నాం. ఒకప్పుడు వాటిని చేయడం నేర్పిన బాలానగర్ ప్లాంటు మూతపడి ఉంది. ఇప్పుడు ఆపరేటర్లకు కాంట్రాక్టు కొలువులే ఎక్కువ. షిఫ్టులో నిలబడి పదేళ్లపాటు ఒకే విద్య నేర్చుకునే అవకాశం వాళ్లకు ఏ కంపెనీ ఇస్తోంది?

ముచ్చర్ల దగ్గర 19 వేల పైచిలుకు ఎకరాల్లో ఫార్మా సిటీ తలపెట్టినప్పుడు రైతులు ఎదురు తిరిగారు. వాళ్లను అభివృద్ధికి అడ్డుపడేవాళ్లన్నారు. పటాన్‌చెరు కాలుష్యాన్ని దగ్గరుండి చూసిన జిల్లాల వాళ్లు ఆ భయం పెట్టుకోవడంలో తప్పేముంది? వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు హద్దు గీసి, కొలతలను ఊరి పంచాయతీ గోడ మీద నెలనెలా రాసి పెట్టాలి. ఆ పని పూర్తయ్యాకే వాళ్లను భూమి అడగాలి.