జ్వరం ఎప్పుడొచ్చినట్టు?

2008 వేసవిలో అమెరికాలో ఉన్న మా మేనల్లుడి ఉద్యోగం పోయింది. మా వదిన ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. "వీడే ఏదో చేసుంటాడు వదినా!" అని నా దగ్గర మాత్రం కళ్ళొత్తుకుంది.

ఆ డిసెంబరు 1న అక్కడి ఆర్థికవేత్తలు ఒక ప్రకటన చేశారు. దేశానికి మాంద్యం వచ్చిందట! ఎప్పుడనుకున్నారు? 2007 డిసెంబరులో! రోగి ఏడాదిగా మూలుగుతుంటే, తీరిగ్గా వచ్చి "నీకు జ్వరమే" అన్న వైద్యుడిలా లేదూ?

ఆ వైద్యుడెవరో కాదు, 1920లో పుట్టిన నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనమిక్ రీసెర్చ్. సర్కారు శాఖ కాదది. మాంద్యాల తేదీలు తేల్చడానికి 1978లో ఒక సంఘాన్ని వేసింది. వరసగా రెండు త్రైమాసికాలు జాతీయోత్పత్తి తగ్గితే మాంద్యమేనన్నది, 1974లో జూలియస్ షిస్కిన్ అనే గణాంకవేత్త పత్రికలో రాసిన గుర్తుల్లో ఒకటి. సంఘానికి అదొక్కటే చాలదు. ఉద్యోగాలు, ఆదాయాలు, అమ్మకాలు, ఫ్యాక్టరీల ఉత్పత్తి అన్నీ చూస్తుంది. దెబ్బ ఎంత లోతు, ఎన్ని రంగాలకు పాకింది, ఎన్నాళ్ళుంది అని తూచి చూస్తుంది. మొదట వచ్చిన అంకెల్ని తర్వాత దిద్దుతారు కనుక తొందరపడదు.

2009 జూన్‌లో మాంద్యం ముగిసిందని కూడా 2010 సెప్టెంబరులో గానీ చెప్పలేదు. అయితే నిరుద్యోగం నూటికి పదికి చేరింది 2009 అక్టోబరులో! ముగియడమంటే పడడం ఆగడమే, లేచి నిలబడడం కాదు. మావాడికి మళ్ళీ పని దొరికిందీ 2010లోనే.

మొదటి ప్రకటన వదినకు చదివి వినిపించిన రోజు నాకింకా గుర్తు. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అంది: "ఆ ముక్క అప్పుడే చెప్పుంటే, నేను వాణ్ణి అన్ని మాటలు అనకపోదును కదా వదినా!"